పగిలిన కిటికీ, విరిగిన తలుపు: కొత్తవి వచ్చేదాకా చెక్కతో మూసే పద్ధతి

గాలివాన వెలిసిన మర్నాడు విజయవాడలో ఏ అద్దాల దుకాణానికి ఫోన్ చేసినా "నాలుగు రోజులు ఆగండి" అంటారు. ఆ నాలుగు రోజులు వారమవుతాయి. ఈలోగా మంచం మీదికి జల్లు కొడుతుంది, సాయంత్రానికి గదంతా దోమలే. తలుపు విరిగిందంటే రాత్రి ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకుండదు.

ఎలా మూయాలో వివరంగా రాయమని చాలామంది అడుగుతున్నారు. పటమటలో మా అపార్టుమెంటు పనులు పన్నెండేళ్ళుగా చూస్తున్న అనుభవంతో రాస్తున్నాను. విదేశీ వీడియోల్లో ప్లైవుడ్ రేకును పట్టుకెళ్ళి గోడకు మేకులు కొట్టేస్తుంటారు. అవి చెక్క ఇళ్ళు. మన ఇటుక గోడకు అలా కొడితే ప్లాస్టరింగు పెచ్చులూడుతుంది, మేకు వంగుతుంది. మన కిటికీలకు ఇనుప ఊచలుంటాయి. దొంగ సంగతి అవే చూసుకుంటాయి. మనం ఆపవలసింది గాలినీ వాననూ. అందుకే నా పద్ధతి అంతా ఒక్క మాట మీద నడుస్తుంది: చెక్కను గోడకో ఫ్రేముకో కొట్టకండి, ఊచలకు బిగించండి.

1. చెక్క జోలికి వెళ్ళే ముందు

గాలి ఇంకా బలంగా వీస్తుంటే ఏమీ చేయకండి. ఆ గదిలోని మనుషులనూ కాగితాలనూ బయటికి తెచ్చి, గది తలుపు వేసి, గడప దగ్గర తడిగుడ్డ కుక్కండి. ఎనిమిదడుగుల ప్లైవుడ్ రేకు గాలిలో తెరచాపలాంటిది. పట్టుకున్న మనిషిని కూడా లాక్కుపోతుంది.

తుపాను కేంద్రం మీ మీదుగా పోతుంటే నడుమ కాసేపు గాలి ఆగిపోతుంది. అప్పుడు పనిలోకి దిగకండి. ఆ తర్వాత ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా కొడుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. తుపాను అంత దగ్గరికి వచ్చే ఊళ్ళు మనవి, ఇది గుర్తుంచుకోవలసిన విషయం.

తర్వాత కరెంటు. మన ఇళ్ళలో స్విచ్‌బోర్డు కిటికీ పక్కనే ఉండటం మామూలు. గోడ తడిసిందంటే మెయిన్ బోర్డులో ఆ గదికున్న స్విచ్‌ను (ఎంసీబీని) ఆపాకే లోపల అడుగు పెట్టండి. ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపండి. మెయిన్ ఆపినా ఇన్వర్టర్ లైనులో కరెంటు ఉంటుందని చాలామంది మరిచిపోతారు. బయట తీగ తెగి పడితే దగ్గరికి పోకుండా 1912కు ఫోన్ చేయండి.

దొంగతనం వల్ల తలుపు విరిగితే దేన్నీ ముట్టుకోకుండా 112కు ఫోన్ చేయాలి. పోలీసులు చూసి వెళ్ళాకే ఊడ్చడం, మూయడం.

ఇంటికి బీమా ఉన్నా లేకపోయినా ఫోటోలు తీయండి. లోపలి నుంచి ఒకటి, బయటి నుంచి ఒకటి, విరిగిన చోట దగ్గరగా ఒకటి, తడిసిన సామాను ఒకటి. అద్దె ఇల్లయితే అదే నిమిషంలో ఇంటి యజమానికి పంపండి. తర్వాత అడ్వాన్సు దగ్గర వచ్చే పేచీ సగం తగ్గుతుంది.

2. గాజు తీయడం

వేసుకోవలసినవి: బూట్లు, మందపాటి చేతి తొడుగులు, కళ్ళద్దాలు, పొడుగు చేతుల చొక్కా. చెప్పులతో ఈ పని వద్దు.

మామూలు గాజు కత్తుల్లా పొడుగ్గా పగులుతుంది. టఫెన్డ్ (వేడితో గట్టిపరచిన) గాజు పటిక బెల్లం ముక్కల్లా రాలిపోతుంది. రెండోది తేలిక. మొదటిదానికి ఒక క్రమం ఉంది.

ఫ్రేములో మిగిలిన ముక్కలకు రెండు వైపులా వెడల్పు టేపు అంటించండి. పైనున్న ముక్కను ముందు, కింది ముక్కను చివర తీయాలి. కింది నుంచి మొదలుపెడితే పైముక్క మణికట్టు మీద జారుతుంది. గట్టిగా ఇరుక్కున్నదాన్ని లాగకండి. పుట్టీని పాత స్క్రూడ్రైవరుతో గీకి వదులు చేస్తే అదే వస్తుంది.

పగుళ్ళిచ్చినా ఊడని గాజును తీయనక్కర్లేదు. రెండు వైపులా టేపు వేసి, దాని మీదుగానే చెక్క బిగించవచ్చు. మంచి గాజు మీద ముందుజాగ్రత్తగా ఇంటూ గుర్తులా టేపు అంటించడం మాత్రం వృథా. పగిలే గాజును అది ఆపలేదు. తర్వాత ఆ జిగురు గీకడానికి ఒక పూట పోతుంది.

నేల మీది సన్నని పలుకులు చీపురుకు రావు. తడిపిన న్యూస్‌పేపరును ఉండ చేసి అద్దుతూ పోండి. చపాతీ పిండి ముద్ద ఇంకా బాగా పనిచేస్తుంది. దాన్ని తర్వాత గాజు సంచిలోనే పారేయండి.

ముక్కలన్నీ ఖాళీ సిమెంటు సంచిలో వేసి, మూతి కట్టి, మార్కరుతో పెద్దగా "గాజు" అని రాయండి. పొద్దున్నే ఆ సంచి ఎత్తే పారిశుద్ధ్య కార్మికుల చేతికి ఏ తొడుగూ ఉండకపోవచ్చు.

3. కొలతలు

వెడల్పును పైన, మధ్యన, కింద మూడు చోట్ల కొలవండి. ఎత్తూ అంతే. మూడింటిలో చిన్న కొలతనే తీసుకోవాలి. పాత ఇళ్ళ కిటికీల్లో ఈ మూడు కొలతలూ ఒకటిగా ఉంటే ఆశ్చర్యపోవాలి.

తొమ్మిదంగుళాల గోడలో కిటికీ గోడ మందం లోపల కూర్చుని ఉంటుంది. చెక్క ఆ మందంలోకే దిగాలి కాబట్టి చిన్న కొలతలో ప్రతి వైపూ పావు అంగుళం తగ్గించి కోయించండి. తడికి ప్లైవుడ్ కాస్త ఉబ్బుతుంది. బిగువుగా కోస్తే మర్నాడు బయటికి రాదు.

గోడ మీద పైనుంచి మూసేటట్టయితే నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువ కావాలి. అప్పుడు నాలుగడుగుల కిటికీకి నాలుగడుగుల వెడల్పు రేకు చాలదు. రెండు ముక్కలు చేసి అతుకు మీద రీపరు (సన్నటి చెక్క పట్టీ) వేయాలి. ఊచల పద్ధతిలో ఆ బాధ లేదు. ఒక్క ఎనిమిది బై నాలుగు రేకు రెండు నాలుగడుగుల కిటికీలకు సరిపోతుంది.

4. సరుకు

ఒక నాలుగడుగుల కిటికీకి:

- 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, సగం రేకు. చిన్న కిటికీకి 9 మిల్లీమీటర్లు చాలు. 6 మిల్లీమీటర్లది రాత్రంతా డప్పు మోగిస్తుంది.
- రెండంగుళాల వెడల్పు, అంగుళం మందం చెక్క రీపర్లు రెండు, ఒక్కొక్కటి మూడున్నర అడుగులు.
- 8 మిల్లీమీటర్ల గుండు తల బోల్టులు (తల కింద నలుచదరపు మెడ ఉన్నవి) నాలుగు, నట్లు, వెడల్పాటి వాషర్లు.
- పాలిథిన్ లేదా పట్టా, వెడల్పు టేపు, బైండింగ్ వైరు, కటింగ్ ప్లయర్, డ్రిల్లు, గట్టి తాడు.

బోల్టు పొడవు ఎంతని అందరూ అడుగుతారు. ప్లైవుడ్, ఊచ, రీపరు మందాలు మూడూ కలిపి దానికి అంగుళం జోడించండి. ఊచకూ చెక్కకూ మధ్య ఖాళీ ఉంటే అదీ కలపాలి. మామూలుగా మూడు నుంచి నాలుగంగుళాల బోల్టు సరిపోతుంది.

కరెంటు లేనప్పుడు డ్రిల్లు ఎలా అనే చింత వద్దు. కోసే చోటే దుకాణంలో బెజ్జాలు వేయించుకోండి. గుర్తులు మాత్రం ఇంట్లోనే కొలిచి రాసుకెళ్ళాలి.

ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు, పాత కంప్యూటర్ బల్ల పలకలు ఈ పనికి వద్దు. ఒక్క జల్లుకే ఉబ్బి అటుకుల్లా విడిపోతాయి. దుకాణాలు మూసి ఉంటే ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే షెడ్ల వైపు అడిగి చూడండి. చెక్క ముక్కలు, పట్టాలు అక్కడ దొరకడం తేలిక. గుంటూరులోనయితే మిర్చి కప్పే పట్టా దొరకని పేట ఉండదు.

వాన ఒక్కటే ఆపాలంటే పాత ఫ్లెక్సీకి మించినది లేదు. మన ఊళ్ళో వాటికి కరువు కూడా లేదు. నాయకుడి ముఖాన్ని లోపలికి తిప్పి కట్టాలా బయటికా అన్నది మీ ఇష్టం. అచ్చు లేని తెల్లటి వైపు బయటికి ఉంటే ఎండకు కాస్త చల్లగా ఉంటుందని నా మొగ్గు.

5. ఊచలకు బిగించడం

ఇంట్లోనే నిలబడి చేసే పని ఇది. మూడో అంతస్తులోనయినా బయటికి వంగనక్కర్లేదు. చెక్క లోపల, రీపరు బయట, నడుమ ఊచలు.

మొదట, ఊచల సందులు కొలవండి. ప్లైవుడ్‌కు పైన ఒక వరుస, కింద ఒక వరుస చొప్పున నాలుగు బెజ్జాలు కావాలి. అవి అంచు నుంచి ఆరంగుళాలు లోపల ఉండాలి. ప్రతి బెజ్జం రెండు ఊచల సందు మధ్యలో పడాలి, ఊచ మీద పడితే బోల్టు దూరదు. ప్లైవుడ్‌ను కిటికీకి ఆనించి, ఇంకొకరు ఊచల స్థానాన్ని పెన్సిలుతో గుర్తిస్తే తప్పు జరగదు. అవే కొలతలతో రెండు రీపర్లకూ బెజ్జాలు వేయండి.

రెండు, రీపరుకు బయటి వైపు నుంచి రెండు బోల్టులూ దూర్చండి. తల బయటికి, మర లోపలికి రావాలి. సుత్తితో ఒక దెబ్బ వేస్తే తల కిందున్న నలుచదరపు మెడ చెక్కలో కూరుకుంటుంది. ఇక నట్టు తిప్పేటప్పుడు బోల్టు దానితో తిరగదు.

మూడు, రీపరు నడుమ తాడు కట్టి, రెండో కొనను మీ మణికట్టుకు గానీ ఊచకు గానీ కట్టుకోండి. చేయి జారితే రీపరు కింద నడిచేవారి నెత్తిన పడుతుంది. కింద వాచ్‌మన్‌ను నిలబెట్టి, ఆ వైపు ఎవరినీ రానివ్వద్దని చెప్పాకే ఈ మెట్టు మొదలుపెట్టాలి.

నాలుగు, రీపరును నిలువు ఊచల సందులోంచి కొన ముందుగా బయటికి పంపండి. బోల్టులు పైకో కిందికో చూస్తుండాలి, పక్కకు తిరిగి ఉంటే ఇరుక్కుంటుంది. మొత్తం బయటికి పోయాక అడ్డంగా తిప్పి, తాడుతో మెల్లగా లాగండి. రీపరు ఊచలకు ఆనుతుంది, రెండు బోల్టుల మరలూ సందుల్లోంచి మీ వైపుకు తొంగి చూస్తాయి. మొదటిసారి ఐదు నిమిషాలు పడుతుంది. రెండో రీపరుకు ఒక్క నిమిషం.

ఐదు, ఆ రీపరును ఊచకు బైండింగ్ వైరుతో ఒక చుట్టు కట్టేయండి. లేకపోతే ప్లైవుడ్ ఎత్తేలోపు అది వెనక్కి జారుతుంది. కింది రీపరు కూడా ఇలాగే.

ఆరు, ఇద్దరూ కలిసి ప్లైవుడ్ ఎత్తి నాలుగు బోల్టులకూ తొడగండి. వాషరు, నట్టు పెట్టండి. నాలుగింటినీ చేత్తో ఎక్కించాక, ఎదురెదురు మూలల వరుసలో స్పానరుతో బిగించండి. ఒక మూలనే గట్టిగా బిగిస్తే రెండో మూల లేస్తుంది. ప్లైవుడ్‌లో వాషరు కాస్త గుంట పడగానే ఆపేయాలి.

నట్లు లోపలి వైపే ఉంటాయి కాబట్టి బయటి నుంచి విప్పడం కుదరదు. మీరు మాత్రం స్పానరుతో రెండు నిమిషాల్లో తీసేయవచ్చు. ఆ స్పానరును కిటికీ పక్కన మేకుకు వేలాడదీయండి.

పూలూ లతలూ అల్లిన డిజైన్ గ్రిల్లయితే రీపరు దూరదు. అప్పుడు ప్లైవుడ్‌కు జంట బెజ్జాలు వేసి, రెండు పేటల బైండింగ్ వైరును ఊచ చుట్టూ తిప్పి ప్లయర్‌తో మెలిపెట్టండి. నాలుగడుగుల కిటికీకి కనీసం ఎనిమిది చోట్ల కట్టాలి. మెలిక కొనలు వంచి చెక్కకు ఆనించండి, పిల్లల చేతికి గీసుకుంటాయి.

6. ఊచలు లేనిచోట

నేల అంతస్తయితే బయట గోడకే బిగించవచ్చు. డ్రిల్లుతో 8 మిల్లీమీటర్ల బెజ్జం, ప్లాస్టిక్ ప్లగ్గు, మూడంగుళాల స్క్రూ. కిటికీ అంచుకు రెండున్నర అంగుళాల లోపు బెజ్జం వేస్తే గోడ మూల పెచ్చు ఊడుతుంది. ప్లగ్గు ఇటుకలో కూర్చోవాలి, ప్లాస్టరింగులోనే ఆగితే గాలికి స్క్రూతో సహా వచ్చేస్తుంది. అడుగుకొక స్క్రూ. మూడడుగులు దాటిన వెడల్పుకు మధ్యన నిలువు రీపరు.

పై అంతస్తయితే లోపలి గోడకే బిగించండి. గాలి లోపలికి తోస్తుంది కాబట్టి ఇక్కడ బరువంతా స్క్రూల మీదే పడుతుంది. దూరాన్ని ఎనిమిదంగుళాలకు తగ్గించండి. సజ్జ మీదికి దిగి చేసే సాహసం ఎవరూ చేయవద్దు.

యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్), అల్యూమినియం స్లైడింగ్ కిటికీల ఫ్రేములో స్క్రూ దించకండి. మిచౌంగ్ తర్వాత మా పక్క ఫ్లాటులో ఒకాయన తొందరపడి పన్నెండు స్క్రూలు దించారు. గాజు మార్చడంతో పోయేది ఫ్రేమే మార్చుకోవలసి వచ్చింది. కిటికీ జరిగే కింది ట్రాకులో నీరు పోయే చిన్న బెజ్జాలుంటాయి. వాటి మీద టేపు పడితే ట్రాకు నిండి నీళ్ళు గదిలోకే దిగుతాయి.

7. వాన నీటికి దారి

చెక్క బిగించగానే పని అయిపోయిందనుకుంటారు. నీరు వచ్చేది అంచుల్లోంచి. పాలిథిన్‌ను పైఅంచు మీదుగా వేసి పైనా రెండు పక్కలా టేపు వేయండి. కిందివైపు మాత్రం వదిలేయండి. ఎలాగూ కొంత నీరు దూరుతుంది, అది బయటికి పోవాలి. కింద కూడా మూస్తే కిటికీ గట్టు మీద చెరువు నిలుస్తుంది, రెండో రోజుకు కింది గోడ పొంగుతుంది.

తడి గోడకూ సున్నం గోడకూ టేపు అంటదు. పొడిగుడ్డతో తుడిచినా అంటకపోతే టేపు మాని, పాలిథిన్‌ను ప్లైవుడ్‌కే చుట్టి చిన్న మేకులతో కొట్టి, ఆ తర్వాత కిటికీకి బిగించండి. నిజానికి ఇదే మొదటి నుంచి మంచి పద్ధతి.

8. తలుపులు

ముందుగా ఒక నియమం: బయటికి పోవడానికి ఉన్న ఒక్కగానొక్క తలుపును చెక్కతో బిగించేయకూడదు. అగ్నిప్రమాదం జరిగితే అది ఇల్లు కాదు, పెట్టె. వీధి తలుపు ఎప్పుడూ లోపలి నుంచి చేత్తో తెరుచుకోవాలి.

*తాళం దగ్గర చీలితే:* రెండు అడుగుల పొడవు, ఎనిమిదంగుళాల వెడల్పు ప్లైవుడ్ ముక్కలు రెండు తీసుకుని, తలుపుకు లోపలా బయటా పెట్టి, ఆరు బోల్టులను ఇటు నుంచి అటు దూర్చి బిగించండి. గొళ్ళేన్ని దాని మీద కొత్తగా వేయండి. పాత బెజ్జాల్లో మళ్ళీ స్క్రూలు వేస్తే ఒక్క తోపుకు ఊడతాయి.

*ద్వారబంధం చీలితే:* చీలికలోకి ఫెవికాల్ పోసి, పక్క నుంచి మూడంగుళాల స్క్రూలు గోడ దాకా దించండి. ఆ రాత్రికి లోపలి నుంచి అడ్డకర్ర వేసుకోండి.

*బందులు వదులైతే:* పొట్టి స్క్రూల బదులు పొడుగువి వేస్తే చాలు.

*తలుపే పోతే:* 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను ద్వారానికి అర అంగుళం తక్కువగా కోసి, వెనుక పైనా మధ్యా కిందా మూడు అడ్డ రీపర్లు వేయండి. వాటి నడుమ ఒక ఏటవాలు రీపరు ఉండాలి. అది కింద బందు వైపు మొదలై పైన గొళ్ళెం వైపుకు పోవాలి. తిరగేసి వేస్తే రెండు రోజుల్లో తలుపు వాలి నేలను గీకుతుంది. పాత బందులే వాడుకోండి.

*వరదలో నానితే:* 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు నిలిచిన సింగ్‌నగర్, పాయకాపురం ఇళ్ళలో ఎన్నో తలుపులు ఉబ్బి బిగుసుకున్నాయి. అలాంటప్పుడు చేతులు వెంటనే చిత్రిక మీదికి పోతాయి. ఆగండి. తడి తలుపును చిత్రిక పడితే ఆరాక కుంచించుకుపోయి వేలు పట్టేంత సందు మిగులుతుంది. బందుల నుంచి ఊడదీసి, నీడలో నిలువుగా ఆనించి, రెండు వారాలు గాలికి వదిలేయండి. అప్పటిదాకా పైన చెప్పిన ప్లైవుడ్ తలుపు వాడండి. పొరలు విడిపోయిన ఫ్లష్ తలుపు మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

9. తరచూ జరిగే తప్పులు

- రాత్రంతా చెక్క టకటకమంటోంది: చెక్కకూ ఊచకూ మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టి మళ్ళీ బిగించండి.
- మధ్యలో చెక్క ఉబికి వస్తోంది: ఇంకో అడ్డ రీపరు కావాలి. మేకులు పెంచితే లాభం లేదు.
- గదిలో ముక్కిపోయిన వాసన: రెండు పై మూలల్లో అంగుళం బెజ్జం వేసి దోమతెర ముక్క అంటించండి.
- అన్ని కిటికీలూ మూశాం: ఒక్కటైనా తెరిచి ఉంచండి. మూసిన గదిలో ఇన్వర్టర్ బ్యాటరీ, బొగ్గుల కుంపటి, జనరేటర్ ఉండకూడదు.

10. మర్నాటి నుంచి

మొదటి రాత్రి గడిచాక నాలుగు నట్లనూ మళ్ళీ బిగించండి. తడిసిన చెక్క కాస్త అణుగుతుంది కాబట్టి కనీసం ఒక చుట్టు తిరుగుతుంది. తర్వాత వారానికోసారి, గాలివాన హెచ్చరిక వచ్చినప్పుడల్లా ఒకసారి.

కొత్త గాజు కొలత ఇచ్చేటప్పుడు పాత ముక్క ఒకటి తీసుకెళ్ళి మందం సరిచూసుకోండి. గాలికి ఎదురుగా ఉన్న పెద్ద కిటికీకి టఫెన్డ్ గాజు అడగండి. దాన్ని తయారయ్యాక కోయడం కుదరదు, అందుకే కొలత రెండుసార్లు చూసి చెప్పాలి.

గాజు వచ్చాక ప్లైవుడ్‌ను పారేయకండి. నీడలో ఆరబెట్టి, వెనుక మార్కరుతో "తూర్పు పడకగది, ఈ వైపు పైకి" అని రాసి, రీపర్లను దానికే కట్టి అటక మీద పడుకోబెట్టండి. బోల్టులు, నట్లు, వాషర్లు, స్పానరు ఒక పాత బోర్న్‌వీటా డబ్బాలో వేసి ఆ పక్కనే ఉంచండి.